అక్క మనసు విప్పింది

చెల్లెలిది మనుషుల్ని కలిపే ఉద్యోగం. పెళ్లి సంబంధాలు కుదర్చడం కాదు. ఏళ్ల తరబడి పక్కపక్కనే కూర్చుని పనిచేసేవాళ్లను ఒక గదిలో గుండ్రంగా కూర్చోబెట్టి, ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోమని, మనసులో ఉన్నది చెప్పుకోమని ప్రోత్సహించడం. అంతకుముందు ఆమె బీమా పాలసీలు అమ్మేది. ఎదుటివాళ్లు నోరు తెరవకముందే అర్థమైనట్టు తల ఊపడం అక్కడ అబ్బిన విద్యే.

ఆ సాయంత్రం తలుపులూ కిటికీలూ తయారుచేసే కంపెనీలో సభ. మీటింగు గదిలో పొడవాటి బల్లను గోడకు జరిపించి, కుర్చీలు వేయించి, మధ్యలో లావుపాటి కొవ్వొత్తి పెట్టింది. పొగ వస్తే అలారం మోగుతుందని వాచ్‌మన్ గుర్తుచేశాడు. దాంతో కొవ్వొత్తి వెలుగుతున్నట్టు భావించమని అందరికీ చెప్పింది.

ఇంతలో ఒక చిక్కు వచ్చిపడింది. అందరూ జంటలుగా కూర్చోవాలి. మనసు విప్పాలని తెలియగానే అకౌంటెంటుకు జ్వరం వచ్చేసింది. స్టోర్‌కీపరు ఒంటరిగా మిగిలాడు. చెల్లెలు బయటికి వెళ్లి, దగ్గర్లోనే ఉండే అక్కకు ఫోన్ చేసింది.

"ఒక్క గంట వచ్చి కూర్చో అక్కా. నువ్వేం మాట్లాడక్కర్లేదు."

"మాట్లాడక్కర్లేకపోతే నేనెందుకే?"

"జంట సరిపోవాలి."

పొయ్యి మీది కూర దించేసి అక్క వచ్చింది. చెల్లెలు ఆమెను "నా ఆత్మీయ మిత్రురాలు" అని పరిచయం చేసింది. అక్క ఆ మాటకు అటూ ఇటూ చూసి, తన గురించే అని తెలుసుకుని కూర్చుంది.

మొదటి అంకం చూపులది. మేనేజరు తన జూనియరు నుదుటినే తదేకంగా చూశాడు. స్టోర్‌కీపరుకు కళ్లు చెమర్చాయి.

"కళ్లజోడు మార్చుకుని ఎన్నాళ్లయింది బాబూ?" అని అక్క అడిగింది.

"మాటలు వద్దు. చూపులే," అంది చెల్లెలు మెత్తగా.

తర్వాత ఎవరికీ చెప్పని మాట ఒక్కటి చెప్పాలి. మేనేజరే ముందుకొచ్చి, తాను పనిని మరీ ఎక్కువగా ప్రేమిస్తానని గద్గద స్వరంతో ఒప్పుకున్నాడు. అతని కిందివాళ్లంతా గుండె కరిగిన ముఖాలు పెట్టారు. జూనియరు తనకూ అదే జబ్బు అన్నాడు. అక్క వంతు వచ్చింది.

"మీరు కావాలంటే మౌనంగా ఉండొచ్చు," అంది చెల్లెలు.

"లేదు, చెప్తా. మా చెల్లెలు ఫోన్ చేస్తే స్పీకర్లో పెట్టి గిన్నెలు తోముకుంటా. మధ్యమధ్యలో ఊ కొడతా. అది ఇంతవరకూ కనిపెట్టలేదు."

అందరూ నవ్వారు. చెల్లెలి చిరునవ్వు ముఖం మీద అలాగే బిగుసుకుపోయింది.

"ఆ సంగతి తెలిస్తే మీ చెల్లెలికి ఎలా ఉంటుందో ఆలోచించారా?"

"ఇప్పుడే తెలిసిందిగా. ఎలా ఉంది?"



"ఎప్పట్నుంచి?" అంది చెల్లెలు. మెత్తదనం ఎటు పోయిందో పోయింది.

"నా ఆపరేషన్ అయినప్పట్నుంచి. మంచం పక్కన కూర్చుని, నొప్పికి కృతజ్ఞతలు చెప్పుకోమన్నావు. నాకేమో అప్పుడు దాహమేస్తోంది. నీళ్లిస్తావేమోనని చూస్తే నువ్వు కళ్లు మూసుకుని ఉన్నావు. పక్క మంచం ఆవిడ లేచి ఇచ్చింది. ఆవిడకీ కుట్లే."

"అమ్మని కూడా చివరిసారి అలాంటి గదిలోనే చూశాం కదక్కా. నాకు భయమేసింది. ఏం మాట్లాడాలో తెలీక, సభల్లో చెప్పేదే చెప్పేశా. ఏడుపొస్తుందని కళ్లు మూసుకున్నా."

"ఏడవాల్సింది. నేనేమన్నా వద్దన్నానా?"

చెల్లెలు అప్పుడు ఏడ్చింది. కన్నీళ్లకంటే ముందు ముక్కు కారింది. అక్క కుర్చీలోంచి లేచి, చీర కొంగుతోనే ఆ ముఖం తుడిచింది. తుడిచే తీరులో కోపం ఇంకా ఉంది.

మేనేజరు చప్పట్లు మొదలుపెట్టాడు. గదంతా అందుకుంది. స్టోర్‌కీపరు మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని తల వంచుకున్నాడు.

"అద్భుతం మేడమ్. నిజంగా అక్కాచెల్లెళ్లేమో అనుకున్నాం. ఈవిడది ఏ నాటక సంస్థ?" అన్నాడు మేనేజరు.

"మాది కుటుంబ సంస్థ," అంది అక్క.

ఇద్దరూ వీధిలోకి వచ్చారు.

"వాళ్లకి నిజం చెప్పాల్సింది," అంది చెల్లెలు.

"చెప్తే కొట్టిన చప్పట్లు వెనక్కి తీసుకుంటారా?"

కొంతదూరం నడిచాక చెల్లెలు గొంతు సవరించుకుంది. "ఇవాళ మన మధ్య జరిగినదాన్ని మా సభల్లో ఏమంటామంటే..."

"దానికి పేరు పెట్టకు."

చెల్లెలు ఆ మాట అక్కడే వదిలేసింది. కుట్లు వేసిన చోట ఇంకా నొప్పి ఉందా అని అడిగింది. మెట్లెక్కితే లాగుతోందని అక్క మొదలుపెట్టి, డాక్టరు విసుగుదలా, మందులు పడక తిప్పిన కడుపూ, నెల్లాళ్లు ఒక పక్కకే తిరిగి పడుకున్న తిప్పలూ అన్నీ చెప్పింది. చెల్లెలు తన ఇంటి మలుపు దాటి అక్క వెంటే నడిచింది.

మరుసటి నెల కంపెనీవాళ్లు మళ్లీ పిలిచారు. ఆ నటికి డేట్లు ఖాళీ లేవని చెప్పి, చెల్లెలు ఒక్కతే వెళ్లి పద్ధతి ప్రకారం సభ నడిపింది. చాలా చప్పగా ఉందని మేనేజరు ముఖం మీదే చెప్పాడు. ఆ కంపెనీలో మనసులో మాట బయటపెట్టిన మొదటి మనిషి అతనే.