మూడంతస్తుల పరీక్ష

మా ఆయన ముప్పై ఏళ్ళు ఇళ్ళ సామాన్లు మార్చే పనిలో ఉన్నారు. బీరువాలే మోసిన మనిషికి సూట్‌కేసు ఒక లెక్కా అని ఆయన ధీమా. మోకాలి ఆపరేషన్ సంగతి గుర్తు చేస్తే మాత్రం చెవిటి మాలోకం అయిపోతారు.

విదేశంలో రైళ్ళెక్కి ఊరూరూ తిరగాలని పెళ్ళైన కొత్తలో అడిగాను. ఇన్నాళ్ళకి కుదిరింది. చాలా స్టేషన్లలో మెట్లేనట, సామాను మోసేవాళ్ళు దొరకరట. నడకకూ మెట్లకూ ఫరవాలేదు, బరువు సంగతి మీరే చూసుకోండి అన్నాడు డాక్టరు. అందుకే తెగేసి చెప్పాను.

"నిండు పెట్టెతో మన మూడంతస్తులూ ఎక్కి చూపించండి. ఎక్కలేకపోతే ప్రయాణం మానేద్దాం. మీ కాలి కంటే నాకు రైళ్ళు ఎక్కువ కాదు."

అన్నానే గానీ, నిజంగానే ఎక్కలేకపోతే ఎలా అని లోపల ఒకటే గుబులు.

ఆయన తలుపేసుకుని సర్దారు. సాయం వస్తానంటే, "సర్దడం నీకొచ్చా, నాకొచ్చా?" అన్నారు. ఉబ్బిపోయిన పెట్టె పట్టుకుని కిందకి దిగి, ఎక్కడా ఆగకుండా ఈల వేసుకుంటూ పైకొచ్చారు. సంతోషం పట్టలేక నేనే ఎదురెళ్ళి పెట్టె అందుకున్నాను. బలమంతా కూడదీసుకుని లాగానేమో, అది గాల్లోకి లేచింది, నేను వెళ్ళి గోడకు కొట్టుకున్నాను.

తెరిచి చూస్తే, గాజు సామాన్ల చుట్టూ కూరినట్టు ఉండలు చేసిన పాత పేపర్లు. వాటి మధ్య ఒక చొక్కా, పళ్ళ బ్రష్షు.

ఒళ్ళు మండింది. "ఊళ్ళన్నీ ఈ కాగితాలు కట్టుకుని తిరుగుతారా?"

ఆయన మెట్టు మీద కూర్చున్నారు. "నిన్న నువ్వు బజారుకెళ్ళినప్పుడు నిండు పెట్టెతో ఎక్కి చూశాను. మొదటి అంతస్తు దాటలేకపోయాను. ఒంటి మీదదీ పెట్టెలోదీ, నాకు రెండు చొక్కాలు చాల్లే. నువ్వు రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే చూడాలి. అది నా వల్ల పోకూడదు."

కోపం ఎటు పోయిందో తెలియదు. ఈ మొండిఘటం అంటే నాకు ప్రాణం. ఆ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు, అప్పుడూ అనలేదు. లోపలికెళ్ళి నా పెట్టెలోంచి సగం చీరలు తీసేసి, ఆ చోట ఆయన బట్టలు పెట్టాను. ఇద్దరికీ కలిపి ఒకటే పెట్టె.

"పెద్ద బీరువా ఎలా ఎక్కించేవాళ్ళు?" అని అడిగాను.

"ఇద్దరం పట్టేవాళ్ళం. పైనున్నవాడు కిందవాడికి కనపడని మెట్లు చెబుతాడు. బరువంతా కిందున్నవాడి మీదే."

"మీరెక్కడ ఉండేవారు?"

"కిందే."

"అయితే ఈసారి పైకెళ్ళండి."

పెట్టెను కిందకి దించి, మళ్ళీ మొదలుపెట్టాం. ఆయన పై పిడి పట్టుకుని ఒక్కో మెట్టూ చెబుతున్నారు. రెండో అంతస్తు దగ్గర ఆగి అడిగారు.

"బరువుగా ఉందా?"

చేతులు లాగేస్తున్నాయి. "లేదు, పదండి," అన్నాను.

ఆయన నమ్మలేదు. నమ్మినట్టే తర్వాతి మెట్టు చెప్పారు.