వినలేదు సామీ

మా పక్కింటి పాపమ్మాళ్‌కు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. కోర్టు బోనులో తాను చెప్పిన ఒక్క మాట వల్ల ఆ మనిషి జైలు నుంచి వచ్చేస్తాడని, తాను సాకుతున్న రాజామణిని చెయ్యి పట్టుకుని లాక్కుపోతాడని.

ఆ ఉదయం కూడా ఆ భయంతోనే తెగిన పోగులు ముడివేస్తోంది. ఆరు గంటల సంగు, అదే మిల్లు కూత, ఊదకముందే మిల్లు గేటు దగ్గర బోర్డు మీది తన ఇత్తడి టోకెను తీసుకుని, కొంగున ముడివేసి, లోపలికి వచ్చింది. ఇరవై ఆరేళ్లుగా అదే పని. కనుబొమల మీద, చెవుల అంచున పత్తి నుసి తెల్లగా పేరుకుంది. వేళ్ల కొసలు నూలు ఒరుసుకుని గీతలు పడ్డాయి. పోగు తెగిన చోటికి చెయ్యి దానంతట అదే పోతుంది. దగ్గు వస్తే మాత్రం ఒక చేత్తో మిషను పట్టుకుంటుంది.

సింగానల్లూరు వైపు ఆ మిల్లులో పక్కన నిలబడి అరిచినా వినపడదు. అందుకే అక్కడి ఆడవాళ్లు గొంతు వాడరు. నోరు కదుపుతారు, ఎదుటివాళ్లు చూసి తెలుసుకుంటారు. వీరాయి తన మిషను అవతలి నుంచి నోరు కదిపింది.

"ఏం అక్కా, కొళంబు మాడగొట్టినావా? మొగమంతా మాడి ఉండాది!"

"నీ మొగుడు వచ్చి పొయ్యి ఊదినాడు, అందుకే," అని పాపమ్మాళ్ నోరు కదిపింది. వీరాయి శబ్దం లేకుండా పడీపడీ నవ్వింది.

మూడేళ్ల కిందట రాజామణి నిలబడింది కూడా అక్కడే. పద్నాలుగేళ్ల పిల్ల, పని నేర్చుకోవడానికి వచ్చింది. తల్లీ తండ్రీ లేరు, చిన్నాయన ఇంట్లో పెరిగింది. ఆ చిన్నాయన తనను ఏం చేస్తున్నాడో ఆ ఇంట్లో ఎవరికీ చెప్పలేకపోయింది. ఇరుకు లైను ఇళ్లలో గుసగుస కూడా గోడ దాటుతుంది. మిల్లు హోరులో, మిషను అవతల నిలబడి, పెదాలు మాత్రం కదుపుతూ చెప్పింది. పాపమ్మాళ్ ఎదుట మూడు పోగులు తెగాయి. ఆమె ముడి వెయ్యలేదు. షిఫ్టు విడిచాక పిల్ల చెయ్యి పట్టుకుని పోలీసు స్టేషనుకు నడిచింది. ఆ రోజు నుంచి రాజామణి ఆమె ఇంట్లోనే ఉంది.

కింది కోర్టులో ఆ చిన్నాయన తరఫు వకీలు అడిగాడు. "ఈ పిల్ల చెప్పడం నువ్వు చెవితో విన్నావా? విన్నావా, వినలేదా, ఒక్క మాట చెప్పు."

"వినలేదు సామీ."

"చాలు, దిగు."

వినలేదు, నిజమే. ఆ పెదాల మీద చూసింది. ఆ మాట చెప్పబోతే ఎవరూ ఆగలేదు. అయినా జడ్జి ఏడేళ్లు వేశాడు. అతను మద్రాసు హైకోర్టుకు అప్పీలు చేశాడు. యూనియన్ ఆఫీసు గోపాలకృష్ణన్ ఆమెకు విడమరచి చెప్పాడు.

"అక్కడ మనల్ని పిలవరు అక్కా. పిల్లనీ పిలవరు. ఇక్కడ రాసుకున్న కాగితాలు చదువుతారు, రెండు పక్కల వకీళ్లూ మాట్లాడతారు. అంతే."

"కాగితంలో నోరు కనపడతదా తంబీ?"

అప్పటి నుంచి ఆమెకు నిద్ర సరిగా లేదు. ఆ మనిషి పెళ్లాం చిన్నత్తాయి కుళాయి దగ్గర బిందె దించి మరీ అనేది. "రానీ, నా మొగుణ్ని రానీ! పెంచిన చెయ్యి అది. నువ్వే వినలేదంటివే, ఇంక ఎవరు విన్నారంట?"

ఆ పోగులు ముడివేస్తున్న రోజే హైకోర్టు తీర్పు. పదకొండు దాటాక రాజామణి పరుగున లోపలికి వచ్చింది. గేటు దగ్గర గోపాలకృష్ణన్‌కు మద్రాసు నుంచి ఫోను వచ్చిందట. పదిహేడేళ్ల పిల్ల మిషను అవతల, అప్పుడు నిలబడిన చోటే నిలబడి, నోరు కదిపింది.

"నిలిచింది పెద్దమ్మా. శిక్ష నిలిచింది."

పాపమ్మాళ్ కళ్లు ఆ పెదాల మీదే ఉన్నాయి. రాజామణి మెల్లగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. పిల్లను ఎదురుగా చూసింది కింది జడ్జే, అంతసేపు గుచ్చి గుచ్చి అడిగినా ఆమె మాట మారలేదు అని హైకోర్టు జడ్జిలు అన్నారట. అన్నం పెట్టే ఇంటి మీద చెప్పడానికి పిల్లకు నెలలు పడతాయి, ఆలస్యమైనంత మాత్రాన అబద్ధం కాదు అన్నారట.

"నీ మాట కూడా చదివినారు. నేర్పించి తెచ్చిన సాక్షి అయితే విన్నాననే చెప్పి ఉండేది, వినలేదని చెప్పింది కాబట్టే ఇది అల్లిన కేసు కాదు అన్నారు."

పాపమ్మాళ్ మిషను ఆపింది. మేస్త్రి దూరం నుంచి చెయ్యి ఊపినా చూడలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంటే పత్తి నుసి తడిసి చెంపకు అంటుకుంది.

"అట్లనా," అని మాత్రం నోరు కదిపింది.

షిఫ్టు విడిచాక ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుని, అరుగు మీద పడుకుంది. "కొంచెం సేపు పడుకుంటా కన్నూ, సంగు ఊదితే లేపు," అంది. ఆ మధ్యాహ్నం దగ్గు వినపడలేదు. నాలుగు గంటలకు కాఫీ పట్టుకుని రాజామణి లేపబోయింది. అప్పటికే ఒళ్లు చల్లబడింది.

స్నానం చేయించేటప్పుడు కొంగు ముడిలో టోకెను దొరికింది. బయటికి వచ్చేటప్పుడు దాన్ని బోర్డుకు తగిలించి రావాలి. ఇరవై ఆరేళ్లలో ఆమె మరిచింది ఆ ఒక్కరోజే. మిల్లువాళ్లు అడగలేదు.

ఈ ఆడి నెలతో, అంటే మన ఆషాఢంతో, ఆ మనిషికి వేసిన ఏడేళ్లూ తీరిపోతాయి. మేము మా బిడ్డను తీసుకుని కినత్తుకడవు ఊరికి వచ్చేశాం, నాకు అటు వెళ్లడం కుదరడం లేదు. మీలో ఎవరైనా ఆ లైను ఇళ్ల వైపు పోతే, మూడో ఇంట్లో రాజామణి ఎలా ఉందో ఒకసారి చూసి రండి. బాగున్నానని అంటుంది, ఆ మాట విని వచ్చెయ్యకండి, ముఖం చూడండి. ఇల్లు గుర్తుపట్టడం కష్టం కాదు, తలుపు పక్కన మేకుకు ఇత్తడి టోకెను వేలాడుతూ ఉంటుంది, బొటనవేలు రాసుకుని రాసుకుని దాని అంకె సగం అరిగిపోయింది.