నిర్మాతగారి అనారోగ్యం

జాతీయ అవార్డు వచ్చిన కబురు తెలిసేటప్పటికి నేను కూరిన కాకరకాయలకు దారం చుడుతున్నాను. మసాలా బయటికి రాకుండా ఒక్కోదానికీ నాలుగు చుట్లు చుట్టి ముడి వెయ్యాలి, మధ్యలో వదిలితే విప్పుకుపోతుంది. హాల్లోంచి మా ఆయన నవ్‌తేజ్ కేక వినిపించింది. ఆ ఏడాది ఉత్తమ పంజాబీ చిత్రం మా సినిమాయేనని టీవీలో చదివారట. నేను చెయ్యి కడుక్కుని వెళ్ళేలోపే ఆయన వాళ్ళన్నయ్యను కావలించుకుని ఏడుస్తున్నాడు. మా అత్తగారిని ఇంట్లో అందరం బీజీ అంటాం. ఆవిడ ఇద్దరు కొడుకుల నెత్తినా చెయ్యి పెట్టి దీవిస్తోంది. నన్ను చూసి ఆయన కళ్ళు తుడుచుకుని, "జిందర్, జనం వస్తారు, చాయ్ పెద్ద గిన్నెలో పెట్టు," అన్నాడు.

పెట్టాను. పటియాలాలో మాకు ఇంతమంది కావలసినవాళ్ళున్నారని ఆ వారంలోనే తెలిసింది. వచ్చినవాళ్ళు లడ్డూల డబ్బా ఆయన చేతిలో పెట్టేవారు, ఖాళీ గ్లాసు నా చేతిలో పెట్టేవారు. మూడో రోజున చానెల్ వాళ్ళు వచ్చారు. పత్తి ఏరే ఆడవాళ్ళ మాటల్లో నేల వాసన ఉందని జ్యూరీ మెచ్చుకుందట, ఆ మాటలు మీకెలా పట్టుబడ్డాయని యాంకరమ్మాయి అడిగింది. "రాయడానికి కూచుంటే మట్టే మాట్లాడుతుందండీ," అన్నాడు మా ఆయన. నేను ట్రే పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను, కెమెరాలో పడతానని నన్ను ఆగమన్నారు. ఆ మట్టి నేనే. మాన్సా పక్క పల్లెలో మా అమ్మ వెనకాల చేలో తిరిగి పెరిగిన మనిషిని. ఆయన రాసిన మొదటి సీనులో కూలి ఆడవాళ్ళు పాఠ్యపుస్తకం అప్పజెప్పినట్టు మాట్లాడారు. ఇలా ఎవరు మాట్లాడతారండీ అని నవ్వాను. అయితే నువ్వే రాయి అన్నాడు. పొద్దున్నే ఆయన లేవకముందు, పరాటాల పిండి నానేలోపు ఒక్కో సీనూ రాశాను. తెర మీద మాత్రం కథ, మాటలు, దర్శకత్వం అన్నీ కలిపి ఆయన పేరే పడింది. అడిగితే, "మనలో మనకి నీదీ నాదీ ఏమిటి?" అన్నాడు. సొమ్మొకడిది సోకొకడిది అని అప్పుడే అనాల్సింది, కానీ ఆ రోజు ఇంట్లో పదిమంది భోజనానికున్నారు.

అయితే తెర మీద నా పేరు లేకపోలేదు. అందరికంటే ముందు పడుతుంది. నిర్మాత, బల్‌జిందర్ కౌర్. మా ఆయన పాత భాగస్వామితో గొడవపడి కోర్టులో ఉన్నాడు కాబట్టి కొత్త కంపెనీ ఆయన పేరున కుదరలేదు. డబ్బు పెట్టిన మా బావగారు గుర్‌శరణ్‌కేమో రైస్ మిల్లు లెక్కల్లో సినిమా కనపడకూడదు. ఇద్దరూ కూచుని ఆలోచించి, ఇంట్లో ఖాళీగా ఉన్న పేరు నాదేనని తేల్చారు. "పేరుదేముందిలే, కాగితం మీదేగా," అన్నారు బావగారు. సంతకాలు పెట్టించుకున్న మరునాటి నుంచి నిర్మాతగారు షూటింగులో నలభైమందికి రొట్టెలు చేసింది, హీరోయిన్ చున్నీలకు రంగు వేసింది, ఆ అమ్మాయికి మాన్సా యాస నేర్పింది.

ఇదంతా వాళ్ళు నిజంగానే మరిచిపోయారు. బావగారు మా వీధి మొదట్లో కట్టించిన ఫ్లెక్సీ మీద నిర్మాతగా తన బొమ్మే వేయించుకున్నారు. అంతలో ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది. ఒక్కో భాషలో ఉత్తమ చిత్రానికి రెండు పతకాలు, ఒకటి దర్శకుడికి, ఒకటి నిర్మాతకి. సెన్సారు సర్టిఫికెట్‌లో పేరున్న నిర్మాత స్వయంగా వేదిక మీదికి రావాలి. ఆ పూటే వంటింట్లోకి వచ్చి బీజీ నెమ్మదిగా నచ్చజెప్పింది. "డబ్బు పోసినవాడు పెద్దాడు. వాడి ముచ్చట తీరనీ. అంతమంది పెద్దల ముందు నువ్వు మాన్సా యాసలో నోరు తెరిస్తే మన పరువేం కానూ?" అంది. ఏ యాసకి అవార్డు ఇచ్చారో చెబుదామనుకున్నాను. చెప్పే ఓపిక లేకపోయింది. అప్పటికి నాకు పతకం కావాలని కూడా లేదు. రెండు రోజులు ఎవరూ లేపకుండా పడుకుంటే చాలనిపించేది.

ఆదివారం గురుద్వారాలో మొక్కు తీర్చుకున్నాం. అక్కడ అందరికీ పెట్టే లంగరు భోజనానికి రొట్టెలు ఒత్తేవాళ్ళలో నేనున్నాను. మైకులో ప్రార్థన మొదలయ్యేసరికి అందరం రొట్టెల కర్రలు పక్కన పెట్టి లేచి చేతులు జోడించాం. ప్రార్థన చదివే భాయీజీ గురువుల పేర్లు తలుచుకుని, ఈ కుటుంబానికి గౌరవం దక్కినందుకు కృతజ్ఞతలు చెబుతూ, "దర్శకుడు నవ్‌తేజ్ సింగ్, నిర్మాత గుర్‌శరణ్ సింగ్," అని చదివారు. మావాళ్ళు చీటీ మీద రాసిచ్చిందే ఆయన చదివారు, ఆయన తప్పేం లేదు. తర్వాత లోపల అన్నదమ్ములిద్దరి మెడలోనూ గురుద్వారా సన్మానంగా కాషాయ వస్త్రం వేశారట. నా పక్కన రొట్టెలు కాల్చే ముసలమ్మ, "మీ ఇంటివాళ్ళేగా? అదృష్టవంతురాలివమ్మా," అంది. నాకు ఏడుపు రాలేదు. టీవీలో చెప్పారు, సరే. ఫ్లెక్సీ మీద వేశారు, సరే. దేవుడికి కూడా అబద్ధం చెప్పారు, నేను నెయ్యి చేతులతో దండం పెడుతూ విన్నాను. వాళ్ళ మీద కంటే నా మీదే ఎక్కువ కోపం వచ్చింది.

ఇంటికొచ్చాక భోజనాల బల్ల దగ్గర మా ఆయన రెండు కాగితాలు పెట్టాడు. మొదటిదాంట్లో, అనారోగ్యం వల్ల ఢిల్లీ రాలేకపోతున్నాను, నా తరఫున మా బావగారు పతకం స్వీకరిస్తారు, అని నేను రాసినట్టుంది. అనారోగ్యం అన్న మాట దగ్గర ఆగిపోయాను. ముప్పై రెండు రోజుల షూటింగులో పన్నెండు రోజులు నాకు జ్వరం. మాత్ర వేసుకుని పొయ్యి ముందు నిలబడ్డాను. అప్పుడు దాన్ని ఎవరూ కాగితం మీద పెట్టలేదు.

రెండోది బొంబాయి కంపెనీతో కొత్త సినిమా ఒప్పందం. అవార్డు తెచ్చిన బేనరుతోనే చేస్తామన్నారట, ఆ బేనరు నా పేరున ఉంది. "ఇక్కడా, ఇక్కడా సంతకం పెడితే అయిపోతుంది," అన్నాడు మా ఆయన ప్రేమగా. ఎప్పుడూ లేనిది పెన్ను మూత ఆయనే తీసి ఇచ్చాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటారు కదా.

ఒక కాగితంలో నేను మంచం దిగలేని రోగిని. రెండో కాగితంలో మూడు కోట్ల సినిమా తీసే నిర్మాతని. రెండింటికీ ఒకే రోజు తేదీ వేశారు. నవ్వొచ్చింది.

మొదటి కాగితం మడిచి ఆయన వైపు జరిపాను. "నాకు ఒంట్లో బాగానే ఉంది. ఢిల్లీకి నేనే వెళతాను," అన్నాను.

బావగారు బీజీ వైపు చూశారు. బీజీ నా వైపు చూసింది. చెల్లెల్లా చూసుకున్న పిల్ల ఇలా మాట్లాడుతుందనుకోలేదని బావగారు గొణిగారు. చాలా ఏళ్ళుగా ఆయన ముందు తలెత్తి మాట్లాడని దాన్ని, అప్పుడూ గొంతు పెంచలేదు. "డబ్బు మీదే, కాదనను. పేరు నాది," అన్నాను. ఆయన లేచి బయటికి వెళ్ళిపోయారు.

రెండో కాగితం మొదటి నుంచి చదివాను. నేను చదువుతుంటే వాళ్ళు ఎదురుచూడటం కొత్తగా ఉంది. మూడో పేజీలో కథ, మాటలు అన్నచోట నవ్‌తేజ్ సింగ్ అని ఉంది. ఆ కథ నేను రాసిందే, నా నోటుబుక్కులో ఉంది, ఆయన ఇంకా పూర్తిగా చదవనైనా లేదు. ఆ పేరు మీద గీత కొట్టి పక్కన నా పేరు రాశాను, కుదురుగా, స్కూల్లో రాసినట్టు.

ఆ గీత చూసి మా ఆయన కుర్చీలో వెనక్కి వాలి బీజీకి వినపడేట్టు నవ్వాడు. "ఇంకెందుకు ఆలస్యం, దర్శకత్వం కూడా నువ్వే రాసుకో," అన్నాడు.

నిజం చెబుతున్నాను, ఆయన అనేదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు.