పది దాటిన రక్తం

కొలతల విషయంలో హన్నాది వట్టి చాదస్తం. విజయవాడలో ఒక మెడికల్ కాలేజీ ల్యాబులో పద్దెనిమిదేళ్లుగా టెక్నీషియను. గుణదలలో ఒంటరి కాపురం, నోరు మాత్రం పదిమంది పెట్టు. "చీర కుచ్చిళ్ల మీద టేపు చుడితే అది నడుము కొలిచినట్టా, బట్టల మూట కొలిచినట్టా?" అని చేతికింద పిల్లల్ని కసిరేది. ఏం లాభం? కంకిపాడు పక్క ఆడవాళ్లు నెత్తురైనా ఇస్తారు గానీ లంగా బొందు వదులు చెయ్యమంటే చెయ్యరు. చచ్చినట్టు పైనుంచే కొలుచుకుని, ఉజ్జాయింపున రెండంగుళాలు తగ్గించి రాసుకునేవాళ్లు.

అది 2005. ప్రొఫెసరు వెంకటసుబ్బారావు గారు మూడొందల మంది ఆడవాళ్ల మీద ఒక పరిశోధన పెట్టుకున్నారు. పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు ఊరికే కూర్చోదట, లోపల్లోపల ఒంటికి వాపు పుట్టిస్తూనే ఉంటుందట. ఆ వాపు జాడ రక్తంలో సీఆర్‌పీ అనే అంకెలో తెలుస్తుంది. నడుము ఎంత లావైతే సాధారణంగా ఆ అంకె అంత పైకి పోతుంది. ఒకటి లోపుంటే మంచిది, మూడు దాటితే జాగ్రత్త పడాలి. పది దాటిందా, అది కొవ్వు పని కాదు. ఏ జ్వరమో, చీము పట్టిన పుండో, పెద్ద దెబ్బో ఉందన్నమాట. అలాంటి మనిషికి మూడు వారాలాగి మళ్లీ పరీక్ష చేస్తారు. అప్పుడూ పది దాటితే లెక్కలోంచి తీసేస్తారు.

గంగాదేవి అంకె ఇరవై ఏడు.

ఆవిడ చేపలమ్ముకునే మనిషి. ముప్పై ఏళ్లుంటాయి, పుల్లలా ఉంటుంది. చర్మం మడత కొలిచే పటకారు పెడదామంటే పట్టుకోవడానికి కొవ్వేదీ? జ్వరమొచ్చిందా అంటే లేదంది. పన్ను నొప్పా అంటే అదీ లేదంది. మూడు వారాల తర్వాత అంకె ముప్పై నాలుగైంది.

"తీసెయ్యమ్మా హన్నా," అన్నారు ప్రొఫెసరు గారు. "గ్రాఫు చక్కగా వస్తోంది. ఈ ఒక్క చుక్కే ఎక్కడో ఆకాశంలో ఉంది."

"ఎందుకుందో చూడొద్దా సార్?"

"మన పరిశోధన కొవ్వు మీద తల్లీ, ఆవిడ మీద కాదు."

హన్నాకి ఒళ్లు మండింది. మనిషిని పట్టుకుని చుక్క అంటాడేమిటి, చదువుకున్నవాడు! మర్నాడే కంకిపాడు స్కూల్లో పెట్టిన క్యాంపుకి గంగాదేవిని మళ్లీ పిలిపించి, గదిలోకి తీసుకెళ్లి గడియ పెట్టేసింది.

"ఇవాళ ఒంటి మీదే కొలుస్తాను. బొందు వదులు చెయ్యి గంగమ్మా."

"వద్దు మేడమ్ గారూ."

"సిగ్గేమిటే, నేనూ ఆడదాన్నేగా?"

"సిగ్గు కాదండీ," అంది గంగాదేవి. గోడవైపు తిరిగి తనే ముడి లాగింది.

పక్కటెముకల నుంచి తుంటి దాకా చర్మం రంగు చర్మంలా లేదు. కొన్నిచోట్ల నల్లగా, కొన్నిచోట్ల పసుపుపచ్చగా, పాత దెబ్బ మీద కొత్త దెబ్బ. దెబ్బ గట్టిగా పడిన చోట చర్మం చిట్లి రసి కారుతోంది. ఎడమవైపు కింది ఎముక మీద వేలు ఆనించగానే గంగాదేవి పళ్లు బిగబట్టింది. ఆ ఎముక విరిగి ఉందని హన్నాకి వేలికే తెలిసిపోయింది.

"మీ ఆయనేనా?"

"ఐసుగడ్డలు లాగే ఇనప కొక్కెం ఉంటుంది కదండీ, దాంతో." కాశీరావు చేపల చెరువుల దగ్గర లారీలకి ఐసు ఎత్తే పని చేస్తాడు. "మొన మాత్రం తగలనివ్వడండీ. తిరగేసి పట్టుకుని కొడతాడు."

మొగుడి మంచితనం చెబుతున్నట్టే చెప్పింది ఆ మాట! చేపలు మిగిలిపోతే కొట్టాడు, అన్నీ అమ్ముడైతే ఎవడితో నవ్వి అమ్మావని కొట్టాడు. కూరలో ఉప్పెక్కువైన రోజు మెడ మీద కాలేసి తొక్కాడు. కడుపుతో ఉండగా ఒకసారి తన్నాడు, తర్వాత కడుపు నిలవలేదు. పదకొండేళ్ల కాపురం.

"నాతో గుణదల వచ్చెయ్. నా ఇంట్లో ఉందువుగాని. ఈసారి ఈ ఎముక లోపలికి గుచ్చుకుంటే చచ్చిపోతావే పిచ్చిదానా!"

"చంపడు లెండి. నేను పోతే అన్నం ఎవరు వండిపెడతారు?" అని నవ్వింది గంగాదేవి. నవ్వితే నొప్పి పుట్టి పక్కలు పట్టుకుంది.

ఆమె వెళ్లిపోయాక హన్నా కోపం పట్టలేక రిపోర్టు కాగితం మీద పెద్దపెద్ద అక్షరాలతో రాసింది: "జ్వరం లేదు. మొగుడు ఇనప కొక్కెంతో కొట్టిన దెబ్బలు. పక్కటెముక విరిగింది." ప్రొఫెసరు గారు చదివి సిగ్గుపడాలని రాసింది. అక్కడే చేసింది తప్పు.

ఎందుకంటే ఆ కాగితానికి నకలు ఒకటి ఇంటికి పోతుంది. ఆ పద్ధతి పెట్టింది హన్నాయే. మొదటి క్యాంపు తర్వాత మగాళ్లు "మా ఆడాళ్ల నెత్తురు మీకెందుకు?" అని గొడవకొస్తే, రిపోర్టు మొగుడి చేతికే ఇచ్చి సంతకం తీసుకుందాం, పెద్దరికం ఇచ్చినట్టు ఉంటుంది, వాళ్లే పంపిస్తారు అంది. మంత్రం వేసినట్టు పనిచేసింది కూడా. ఆ తెలివే కొంప ముంచింది.

వారం తర్వాత అదే స్కూలు వరండాలో, పొద్దున పదింటికి, అటెండరు లాజరు సంతకాల పుస్తకం తెచ్చి ఇచ్చాడు.

"అందరికీ ఇచ్చేశానండీ. కాశీరావుకి ఇందాకే ఇచ్చాను. చదువు రాదుగా, టీకొట్లో ఎవరో పైకి చదివి పెట్టారు. నలుగురూ నవ్వారండీ."

హన్నా పుస్తకం అక్కడే పడేసి గేటు వైపు పరుగెత్తింది. వరండా మెట్లు దిగనే లేదు, కాశీరావు పైకి ఎక్కి ఎదురొచ్చాడు. ఎడమచేత్తో పెళ్లాం జుట్టు, కుడిచేతిలో కొక్కెం. గంగాదేవి మోకాళ్లు రోడ్డుకి రాసుకుని చెక్కుకుపోయాయి. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. నోట్లోంచి నెత్తురు కారుతోంది.

"నా పెళ్లాం బట్టలిప్పి చూసింది ఏదే? ఎక్కడే ఆ గుణదలది?"

"నేనే. వదులు దాన్ని," అంది హన్నా.

వాడు పెళ్లాం జుట్టు వదిలేశాడు. ఈసారి కొక్కెం తిరగెయ్యలేదు. మొన హన్నా భుజంలో దిగి, లాగితే కండతో సహా వచ్చింది. అడ్డొచ్చిన లాజరుని పొట్టలో తన్నాడు. వరండాలో ముప్పై మంది ఆడవాళ్లు గోడలకి అతుక్కుపోయి కేకలు పెడుతున్నారే తప్ప ఒక్కరూ కదల్లేదు. హన్నా నేల మీద పడింది. వాడు కొక్కెం మళ్లీ ఎత్తాడు, సరిగ్గా ఆమె తల మీదికి.

అది దిగలేదు. క్యాంపు కోసం గోడ పక్కన పెట్టిన, ఎత్తు కొలిచే ఇనప కడ్డీ వాడి మోచేతి మీద పడింది. కొక్కెం ఎగిరి అవతల పడింది.

గంగాదేవి! రెండు చేతులతో కడ్డీ పట్టుకుని ఉంది. వాడు నమ్మలేనట్టు చూశాడు. రెండో దెబ్బ మోకాలి మీద. ఎముక పటుక్కుమన్న శబ్దం గేటు దాకా వినిపించింది. వాడు కూలబడ్డాక వీపు మీద, తుంటి మీద, పక్కటెముకల మీద వరసగా పడ్డాయి దెబ్బలు. వాడు "ఒసేయ్" అన్నాడు, తర్వాత "చంపకే" అన్నాడు, తర్వాత "అమ్మా" అన్నాడు.

ఆపమని హన్నా అనొచ్చు. నోరుంది, దగ్గర్లోనే ఉంది. అనలేదు. ఇంకా రెండు పడనీ అనుకుంది, ఆ మాట తర్వాత ఎవరి దగ్గరా దాచలేదు కూడా. వాడు తలకి అడ్డం పెట్టుకున్న చెయ్యి జారిపోయినప్పుడు మాత్రం, "చాలు గంగమ్మా, చాలు," అంది.

కడ్డీ ఆగింది. కాశీరావు నేలకి ముఖం ఆనించి ఎగశ్వాస దిగశ్వాసగా ఉన్నాడు.

"గంగా," అన్నాడు కాసేపటికి. "నీళ్లు."

గంగాదేవి కడ్డీ గోడకి ఆనించి, మూలనున్న కుండ దగ్గరికి నడిచింది. గ్లాసు ముంచింది. చూస్తున్న హన్నాకి భుజం నొప్పి కంటే ఆ గ్లాసు ఎక్కువ నొప్పి పెట్టింది. అయిపోయింది, ఇంక మళ్లీ ఆ ఇంటికే పోతుంది, వాడి మోకాలికి కాపడం పెడుతుంది, కాలు బాగయ్యాక వాడు దీన్ని నిజంగానే చంపుతాడు.

"అదీ! ఎంతైనా మొగుడు," అంది గోడ పక్కనున్న ముసలి శౌరమ్మ, తృప్తిగా.

గంగాదేవి వచ్చి వాడి ముందు నిలబడింది. వాడు దెబ్బ తగలని చెయ్యి చాచాడు. ఆమె గ్లాసెత్తి, వాడి ముఖంలోకి చూస్తూ, గటగటా తనే తాగేసింది. పమిటతో మూతి తుడుచుకుంది.

"లాజరు గారూ, ఆటో పిలవండి. మేడమ్ గారిని ఆస్పత్రికి తీసుకెళ్లాలి. దార్లో నన్ను పోలీస్ స్టేషన్ దగ్గర దించెయ్యండి, వీణ్ణి కొట్టింది నేనేనని చెప్పాలి."