హరిత వాకిలిలో మా డొంక

ఆవును లోపలికి తీసుకెళ్ళారు. ఆవును తోలుకొచ్చిన మనిషిని గేటు బయటే ఆపేశారు. ఇది ఎవరో చెప్పగా విన్న సంగతి కాదు, పక్కనే ఆటో ఆపుకుని నేను చూసిందే.

నా పేరు పీరు. కూలీల సంఘంలో తిరుగుతాను, పొట్ట కోసం ఆటో తోలుతాను. నల్లపాడు దాటాక మా ఊరి పత్తి చేలల్లో లేచిన హరిత వాకిలి విల్లాల్లో, ఆ శ్రావణమాసంలో మొదటి గృహప్రవేశం జరిగింది. ఇల్లు కొన్నాయన శివరామకృష్ణ గారు, మిర్చి యార్డులో పెద్ద కమీషన్ వ్యాపారి. కొత్త ఇంట్లో మనిషి కంటే ముందు ఆవు అడుగు పెట్టాలి గదా. మా వైపు గేదెలు కావలసినన్ని ఉన్నాయి, ఆవులే తక్కువ. ఊళ్ళో కౌలు రైతు బాపయ్యకొకటి, పేటలో ఏసోబు మామకొకటి. ఏసోబు మామ ఆవు సాధువు. దాన్నే పిలిపించారు. పశువును ఎవరూ కులం అడగరు.

మామ పొద్దున్నే ఆవును కడిగి, కొమ్ములకు పసుపు రాసి తోలుకొచ్చాడు. చర్చికి పోయేవాడివి ఆవుకు పసుపు రాయడమేంటని పాస్టరు గారు ఒకసారి అడిగితే, "ఆవుకింకా బాప్తిస్మం ఇవ్వలేదయ్యగారూ" అన్నాడట. అంత సరదా మనిషి. గేటు దగ్గర సెక్యూరిటీ కుర్రాడు కోటేష్ ఆయన చేతిలోంచి తాడు అందుకున్నాడు.

"నువ్విక్కడే ఉండు ఏసోబూ. లోపల చుట్టాలున్నారు, బాగుండదన్నారు."

ఊచల్లోంచి చూస్తూ నిలబడ్డాం. శివరామకృష్ణ గారి భార్య జ్యోతిర్మయి గారు ఆవుకు బొట్టు పెట్టి, కాళ్ళు కడిగి, చుట్టూ తిరిగి దండం పెట్టారు. పూజ అయ్యాక ఏసోబు మామకు ఇస్తరాకులో భోజనం బయటికి పంపారు. గోడ నీడన కూర్చుని తిన్నాడు. ఆ గోడకు ఇటుకలు మోసిన కూలీల్లో ఆయనొకడు. ఆయన మాత్రం పప్పు బాగుందన్నాడు.

గేటు నిలబెట్టిన ఆ చోటు మా డొంక. పేట దగ్గర మొదలై, చేల మధ్యగా పోయి, పేటవాళ్ళ సమాధుల తోటను తాకి, అవతలి మిరప పొలాల్లో కలిసే బండ్ల బాట. కంపెనీ వచ్చి డొంకకు అటూ ఇటూ ఉన్న చేలన్నీ కొన్నది. డొంకను కొనలేదు, కొనకుండానే కలిపేసుకుంది. గోడ లేస్తున్నప్పుడు మా వాళ్ళు అడిగితే మేనేజరు నవ్వి, "గోడ దొంగల కోసమయ్యా, మీ కోసమా? గేటు పగలంతా తీసే ఉంటుంది" అన్నాడు. మా వాళ్ళు నమ్మారు. నమ్మి ఆ గోడ వాళ్ళే కట్టారు. గేటుకు వెల్డింగు పెట్టింది కూడా పేట కుర్రాడే, మిరప కోతల ముఠా మేస్త్రి రెబ్కా తమ్ముడు ఏసుబాబు. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు, గోడ పని పూర్తి కాగానే గేటు మూశారు.

లోపల డొంక మీద రంగు పలకలు పరిచి వాకింగ్ ట్రాక్ అని పేరు పెట్టారు. పక్కన పచ్చిక, పూలచెట్లు, మంచి గాలి పీల్చుకోండని బోర్డులు. శివరామకృష్ణ గారు పొద్దున్నే తెల్లబూట్లు తొడుక్కుని ఆ కొస నుంచి ఈ కొసకు, ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తారు. ఎక్కడికీ పోనక్కర్లేని మనిషికి మా దారి దొరికింది. పొలానికి పోవాల్సిన మేము బైపాస్ ఎక్కి, రైలు గేటు దాటి, చుట్టూ తిరిగి పోవాలి. విల్లాల్లో పాచి పనికి వెళ్ళే ఆడవాళ్ళకు మాత్రం మెడలో కార్డులు వేశారు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందు మీటింగు పెట్టుకున్నాం. రెబ్కా మొదలుపెట్టింది.

"అర్జీ ఇచ్చాం. చూత్తామన్నారు. చూత్తానే ఉన్నారు. అర్జీలతో అయ్యేది కాదిది. అందరం పోయి గేటు ముందు కూర్చుందాం."

"కూర్చుంటే రేపు పనెవడిత్తాడు?" అన్నాడు ఏసోబు మామ. "నా కోడలు మహిమ ఆ విల్లాల్లోనే చేత్తంది. నా ఆవుకు నాలుగు ముహూర్తాలు తగులుతున్నయ్యి. ఉన్నోడితో పెట్టుకుని బాగుపడినోడు ఎవడన్నా ఉన్నాడా?"

ఆడవాళ్ళలోంచి ఆయన భార్య లిడియా అత్త లేచింది. ఆవిడ నోరెత్తితే పేటంతా వినాల్సిందే.

"గోడ పక్కన ఆకేసుకుని తిన్నావే, అదా బాగుపడటం? పెద్దోడి సమాధికి సున్నం కొట్టి ఎన్నాళ్ళయిందో తెలుసా నీకు? బైపాసంతా తిరిగి పోదామంటే నా మోకాళ్ళు రావు. బిడ్డ దగ్గరికి పోవటానికి కోటేష్ గాడి పరిమిషన్ కావాలా నాకు?"

"ఊరుకోవే," అన్నాడు మామ.

మీటింగు రెండు ముక్కలైంది. రోడ్డు మీద నిలబడి వింటున్న బాపయ్య, "మీ సమాధుల గొడవలోకి రైతుల్ని లాగమాకండి" అని తుండు దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆయన కౌలు పొలమూ డొంక అవతలే. కానీ మేనేజరు చేతిలో ఏదో పెట్టి, తన ట్రాక్టరు వరకు పొలాల వైపున్న వెనక గేటు తీయించుకుంటున్నాడు. తన బండి పోతే చాలు, ఎదుటివాడి కాళ్ళు ఏమైతే ఏమి.

కోతలు మొదలయ్యాక ఆయన ముచ్చటా తీరింది. మిరప బస్తాల ట్రాక్టరు లోపలి నుంచి పోతుంటే జ్యోతిర్మయి గారికి దగ్గొచ్చిందట. పచ్చదనం కోసం కొనుక్కున్న ఇంట్లో ఈ ఘాటేమిటని విల్లాలవాళ్ళంతా సంతకాలు పెట్టారు. బాపయ్య ట్రాక్టరును కోటేష్ వెనక్కి తిప్పాడు. ఆ కోటేష్ స్వయానా బాపయ్య అన్న కొడుకు.

"ఒరేయ్, నా చేతి ముద్ద తిని పెరిగావురా," అన్నాడు బాపయ్య.

"నా ఉద్యోగం పోద్ది బాబాయ్."

ఆ సాయంత్రం బాపయ్య పేటకు వచ్చాడు. రెబ్కా ఇంటి ముందు కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"మిర్చి యార్డులో నా కాయ మీద కోసుకున్న కమీషనుతోనే గదా ఆయన ఆ మేడ కొన్నది? ఇప్పుడు నా కాయ వాసన పడదంట. తప్పు నాదేనమ్మాయ్. నా బండి పోతే చాలనుకున్నా. గేటు ముందు ఎప్పుడు కూర్చుంటారో చెప్పండి, మా కౌలోళ్ళందరం వస్తాం."

అప్పటికీ ఏసోబు మామ మాత్రం ఒప్పుకోలేదు. ఆయన తల ఊపితే గాని పేటలో సగం మంది కదలరు. అలాగే మాఘమాసం వచ్చింది.

ఆ రోజు రెబ్కా ముఠాలో లిడియా అత్త కూడా బాపయ్య చేలో కాయ కోస్తోంది. మధ్యాహ్నం ఎండలో గుండె పట్టుకుని సాలులోనే కూలబడింది. నేనూ రెబ్కా ఆవిడను ముఠాను తోలుకొచ్చిన నా ఆటోలో పడుకోబెట్టి, డొంకన వెనక గేటుకు తీసుకొచ్చాం. గేటు ఊచల్లోంచి ట్రాకు చివర మెయిన్ రోడ్డు కనిపిస్తోంది. రోడ్డెక్కితే ఆసుపత్రి.

కోటేష్ మేనేజరుకు ఫోన్ చేశాడు. మాట్లాడుతూ మా వైపు చూడలేకపోయాడు.

"ఆటోలు వద్దంటున్నాడు పీరన్నా. రేప్పొద్దున గృహప్రవేశాలంట. ట్రాకంతా కడిగి ముగ్గులేశారంట."

"మనిషి పోతందిరా," అంది రెబ్కా.

"చెప్పానక్కా. చెప్పాను. చుట్టు తిరిగి పొమ్మంటున్నాడు."

వాడితో తిట్లకు దిగితే ప్రాణం పోయేలా ఉంది. బండి తిప్పాను. రైలు గేటు పడి ఉంది. గూడ్సు నిలబడిపోయింది, కదలదు. హారన్ కొడుతూనే ఉన్నాను, ఎవరికి కొడుతున్నానో నాకే తెలియదు. రెబ్కా ఒళ్ళో లిడియా అత్త ప్రాణం పోయింది. ఆ ముగ్గుల్ని తలుచుకుంటే ఇవాళ్టికీ నాకు అన్నం సహించదు.

సాయంత్రానికి కంపెనీ నుంచి పూలదండ వేసిన వ్యాను వచ్చింది. శవాన్ని బైపాస్ మీదుగా సమాధుల తోటకు ఉచితంగా చేరుస్తారట. రెబ్కా వ్యానుకు అడ్డం నిలబడింది.

"పిన్నిని డొంకనే తీసుకుపోదాం బాబాయ్. రేపు పొద్దున్నే, వాళ్ళ ముహూర్తానికే. పెట్టె గేటు ముందు దించుదాం. గేటు తీసేదాకా లేపొద్దు."

ఏసోబు మామ శవం కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాడు. తలెత్తి అరిచాడు.

"నా ఇంటిదాన్ని ఎండలో పెట్టి బేరమాడతావంటే? చచ్చినాక కూడా దాన్ని కూలికి తోల్తావా నువ్వు?"

కోడలు మహిమ ఏడుస్తూ, "పొద్దున ఆ ముగ్గులేసింది నేనే మావయ్యా. వాళ్ళు చెబితే నేనే వేశాను" అంది.

మామ ఆ పిల్ల ముఖంలోకి చూశాడు. లేచి, వ్యాను దగ్గరికి నడిచాడు. "బండి తీసుకుపో నాయనా. మా మనిషి తన దారినే పోద్ది," అన్నాడు డ్రైవరుతో.

మర్నాడు పెట్టె లేచింది. పేటంతా కదిలింది. ఊళ్ళోంచి బాపయ్య, ఆయన వెనక కౌలు రైతులు వచ్చారు. బాపయ్య తిన్నగా వచ్చి పెట్టెకు భుజం పట్టాడు. ఊళ్ళోవాళ్ళు పేట శవాన్ని మోయడం నేను చూడటం అదే మొదటిసారి. మిగతా రైతులు ఒకరి ముఖం ఒకరు చూసుకుని దూరంగా నడిచారు. అంతవరకైనా వచ్చారు.

గేటు లోపల పట్టుబట్టలు, సన్నాయి, గోశాల నుంచి తెప్పించిన ఆవు. ఆ పూట ప్రవేశాల్లో శివరామకృష్ణ గారి కూతురు భవ్యది కూడా ఉంది. గేటు ముందు రెండు బల్లలు వేసి పెట్టె దించాం. ఆడవాళ్ళు కీర్తన ఎత్తుకున్నారు. సన్నాయి ఆగిపోయింది.

మేనేజరు ముందు పోలీసులన్నాడు, కేసులన్నాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. ఎవరూ కదలకపోయేసరికి చేతులు జోడించాడు. శివరామకృష్ణ గారు స్వయంగా గేటు దాకా వచ్చారు.

"చూడమ్మా, ఆడపిల్ల శుభకార్యం. ఒక్క గంట ఆగండి. ఆ తర్వాత మీ ఇష్టం."

"నిన్న మీ గేటు కాడ ఆగాం సార్," అంది రెబ్కా. "ఆగితే ఏమవుద్దో ఈ పెట్టెలో ఉంది."

పురోహితుడు ఎదురుగా శవం ఉండగా సంకల్పం చెప్పనన్నాడు. దాంతో విల్లాలవాళ్ళు మేనేజరు మీద పడ్డారు. ఇన్ని లక్షలు పోసి కొన్నది ఈ గోల చూడటానికా అని ఒకరు, తీసెయ్యవయ్యా, తొందరగా పోనీ అని ఒకరు. పోయినావిడ పేరేంటని ఒక్కరూ అడగలేదు. గేటు తీశారు. దయ పుట్టి కాదు, ముహూర్తం దాటిపోతోందని.

"ఈ ఒక్కసారికే," అన్నాడు మేనేజరు.

మోసేవాళ్ళు వంగారు. రెబ్కా చెయ్యి అడ్డం పెట్టింది. "ఒక్కసారికయితే మాకొద్దు."

అందరం ఏసోబు మామ వైపు చూశాం. తెరిచిన గేటు ఎదురుగా ఉంది. అవతల కొడుకు పక్కన తవ్విన గొయ్యి ఉంది. ఆయన సరే అంటే నేరుగా పోవచ్చు. ఎండ పెట్టె మీదికొచ్చింది. తల గుడ్డ తీసి పెట్టె మీద కప్పాడు.

"గేటు ఊడదీయండి," అన్నాడు. "అప్పుడు లేపుదాం."

పెట్టిన ఏసుబాబే ఊడదీశాడు. పది మంది పట్టి రెక్కలు గోడకు ఆనించారు. కోటేష్ పక్కకు తప్పుకుని టోపీ తీసేశాడు. మేం రేగడి మట్టి కాళ్ళతో, చెప్పులతో, ఆ పలకల మీద, ఆ ముగ్గుల మీద నడిచి, వెనక గేటూ తీయించుకుని, లిడియా అత్తను ఆమె కొడుకు పక్కకు చేర్చాం.

పోలీసులు మట్టి వేయడం అయ్యేదాకా ఆగారు. వాళ్ళు చేసిన మర్యాద అదొక్కటే. అక్రమ ప్రవేశం, ఆస్తి ధ్వంసం అంటూ కేసు చదివారు. ఒక మనిషి ఎందుకు చచ్చిపోయిందో అందులో ఎక్కడా లేదు.

"గేటు పీకమని ఎవరు చెప్పారు?" అన్నాడు ఎస్సై.

"నేనే చెప్పాను సార్," అన్నాడు ఏసోబు మామ. చేతుల మట్టి ఇంకా ఆరలేదు. "అది బతికుండగా మొత్తుకుంటే నేను వినలేదు. ఇయ్యాల విన్నా."

ఆయన్నీ, రెబ్కానూ, ఏసుబాబునూ, బాపయ్యనూ, నన్నూ జీపెక్కించారు. జనం జీపు వెంట పడ్డారు. మహిమ రాయి తీసింది. రెబ్కా వెనక నుంచి తల బయటకు పెట్టి గొంతు చించుకుంది.

"మా ఎంట రామాకండి. మేం ఎక్కడికీ పోం. గేటు కాడికి పొండి. వాళ్ళు మళ్ళీ బిగిత్తారు, పొండి."

జనం ఆగారు. మహిమ రాయి కింద పడేసి అందరికంటే ముందు గేటు వైపు తిరిగింది. ఆ పిల్ల వెనక పేట ఆడవాళ్ళు, వాళ్ళ వెనక కౌలు రైతులు. రైతులు ఈసారి దూరంగా నడవలేదు. మా జీపు చుట్టూ తిరిగి మెయిన్ రోడ్డు మీదికొచ్చేసరికి గేటు ఉన్న చోట డొంకకు అడ్డంగా అందరూ కూర్చుని ఉన్నారు. అప్పుడే గుంటూరు నుంచి వెల్డింగు లారీ వచ్చి వాళ్ళ ముందు ఆగింది. హారన్ కొట్టింది. ఎవరూ లేవలేదు. మళ్ళీ కొట్టింది. జీపు మలుపు తిరిగేదాకా నేను చూస్తూనే ఉన్నాను. ఒక్కరూ లేవలేదు.