పాటల పెట్టె మీద అంకె

మా పాటల పెట్టె లైబ్రరీ వరండాలో, గొడుగులు పెట్టుకునే స్టాండు పక్కన ఉంటుంది. ఎవరైనా సొంతంగా పాడుకున్న పాటను ఫోనులో తెచ్చి అందులో వెయ్యొచ్చు, ఇంకొకరు వేసిన పాటను తమ ఫోనులోకి ఊరికే తీసుకుపోవచ్చు. డబ్బు కట్టక్కర్లేదు, పేరు చెప్పక్కర్లేదు. దాన్ని నడిపించే ప్రోగ్రామును కూడా ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, తమ చోట ఇలాంటి పెట్టె ఇంకోటి కట్టుకోవచ్చు. ఆ ప్రోగ్రాము రాసింది నేను. పెట్టె చేసింది వడ్రంగి. చోటిచ్చింది లైబ్రేరియనమ్మ. నాలుగో మనిషి ఇంతవరకూ ఒక్క పనీ చెయ్యలేదు గాని ప్రతిదానికీ ఒక సందేహం పట్టుకొస్తాడు. అందుకని ఆయన్ని సందేహాలాయన అంటాం. ఆయన ముందే అంటాం.

ఆ రోజు సాయంత్రం, పెట్టెకి కొత్తగా ఏమేం చేర్చాలో మాట్లాడుకోవడానికి నలుగురం కూర్చున్నాం. పాత పత్రికలు కట్టలు కట్టి పడేసిన గది. తలుపు తీస్తే ఎదురుగా వరండా, పెట్టె. బయట పొద్దుట్నుంచీ ముసురు పట్టి వదల్లేదు. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళకి స్క్రీను అందడం లేదు, జానెడు కిందికి దించుతానన్నాడు వడ్రంగి. స్పీకరు పీకేసి ఇయర్‌ఫోన్లు పెట్టమంది లైబ్రేరియనమ్మ. చదువుకోవడానికి వచ్చేవాళ్ళు ఆవిడ ప్రాణం తీస్తున్నారట.

"ఇయర్‌ఫోన్లు ఎవరైనా పట్టుకుపోతే?" అన్నాడు సందేహాలాయన.

"గొలుసు వేస్తాను" అన్నాడు వడ్రంగి.

"గొలుసు కూడా పట్టుకుపోతే?"

"మిమ్మల్ని కాపలా పెడతాం లెండి. ఎవరొచ్చినా మీ సందేహాలకి భయపడి పారిపోతారు."

ఆయనా నవ్వాడు. అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత అంకె సంగతి వచ్చింది.

పెట్టెలో ప్రతి పాట పక్కనా ఒక అంకె కనబడుతుంది. ఆ పాటను ఎన్నిసార్లు ఇంటికి తీసుకెళ్ళారో అది చెబుతుంది. ఎక్కువమంది తీసుకెళ్ళిన పాట పైకి వస్తుంది, మిగతావి కిందికి జారతాయి. పెట్టె దాదాపు నిండిపోయింది కాబట్టి అడుగున పడి ఉన్నవాటిని తీసెయ్యాలా వద్దా అన్నది ఆ రోజు తేల్చాలి.

అన్నిటికంటే పైనుండే పాట మా బావది. మా అక్క మొగుడు. ఇళ్ళకి రంగులు వేసేవాడు. కొత్తగా కట్టిన ఖాళీ గదుల్లో గొంతు బాగా మోగుతుందని, ఒక పూత ఆరేదాకా అక్కడే కూర్చుని పాటలు కట్టేవాడు. గొప్ప గొంతేం కాదు. పైకి వెళ్తే చీలిపోయేది. "ఆపు బావా, గోడలకి పెచ్చులూడుతున్నాయి" అనేదాన్ని. "నీకు చెవులున్నది కమ్మలు పెట్టుకోడానికే మరదలా" అనేవాడు. పెట్టె తయారైన రోజున లోపల వెయ్యడానికి ఒక్క పాటా లేకపోతే, తనే ఫోనులో పాడుకుని తెచ్చి బోణీ నాదేనన్నాడు. ఆ వచ్చిన చలికాలంలో ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. రంగుల వాసనకి దగ్గుతున్నాడనే అనుకున్నాం అందరం.

అప్పట్నుంచీ నేను అక్క దగ్గరే ఉంటున్నాను. అక్క ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే చోట పని చేస్తుంది. చుట్టు దారైనా సరే, పని దిగి రోజూ లైబ్రరీ మీదుగానే వస్తుంది. పెట్టె ముందు కాసేపు నిలబడి అంకె చూసుకుంటుంది. "ఇవాళ ఇంకో ఇద్దరు పట్టుకెళ్ళారే" అంటూ ఇంట్లోకొస్తుంది. ఆ మాట చెప్పిన పూట కడుపు నిండా తింటుంది. ఎవరై ఉంటారంటావు, బస్సులో వింటారా, వంట చేసుకుంటూ వింటారా అని అడుగుతుంది. బావ పోయాక దాని మొహం తేటపడేది ఆ కాసేపే. మిగతా రోజంతా దాన్ని చూడాలంటే నాకు భయంగా ఉండేది.

"నాకొక సందేహం" అన్నాడు సందేహాలాయన. "ఫ్లూటు వాయించే పెద్దాయన తన పాట అడుక్కి పోయిందని బాధపడుతున్నాడు. సరే, ఎవరికీ నచ్చలేదేమో. కాని ఆ మొదటి పాటని ఇంతమంది తీసుకెళ్తుంటే, ఒక్కరైనా కూనిరాగం తీస్తూ కనబడరేం?"

"మీకు కనబడకపోతే పాట తప్పా?" అన్నాను. నా గొంతు లేచింది.

వడ్రంగి మాట మళ్ళించి, నేను ఆ వారం చేసిన మార్పేదో చూపించమన్నాడు. వరండాలోకి వెళ్ళి మార్పును పెట్టెలోకి ఎక్కించాను. ఎక్కించిన ప్రతిసారీ పెట్టె తనంతట తనే ఒక పరీక్ష చేసుకుంటుంది. ఒక పాటను నకలు తీసి, సరిగ్గా వచ్చిందో లేదో పోల్చి, ఆ నకలు చెరిపేస్తుంది. అన్నీ సరిగ్గా ఉన్నాయని పచ్చ గుర్తు వచ్చింది.

బావ పాట పక్కన అంకె ఒకటి పెరిగింది.

వరండాలో మేం నలుగురం తప్ప ఎవరూ లేరు. పెట్టెని ఎవరూ ముట్టుకోలేదు. మొదటి రోజున ఉన్నది ఆ ఒక్క పాటే కాబట్టి, పరీక్షకి ఆ పాటే తీసుకోమని రాసిపెట్టాను. ఆ తర్వాత మార్చడం మర్చిపోయాను. ఆ నకలునీ ఎవరో తీసుకెళ్ళినట్టే పెట్టె లెక్క వేసుకుంటోంది. చేతులు ఊరుకోక రోజుకి రెండు మూడుసార్లు ఏదో ఒకటి ఎక్కిస్తూనే ఉంటాను. అక్క బస్సుల్లోనూ వంటిళ్ళలోనూ ఊహించుకున్న జనమంతా నేనే.

ఎవరూ నవ్వలేదు. "మీ అక్క రోజూ వచ్చి చూసుకుంటుందమ్మా" అంది లైబ్రేరియనమ్మ మెల్లగా.

"ఇలాగే వదిలేద్దాం" అన్నాను. "ఎవరికేం నష్టం?"

"వదిలేద్దాం" అన్నాడు సందేహాలాయన. "కాని పెట్టె నిండగానే ముందు పోయేది ఫ్లూటాయన పాట. మన ప్రోగ్రాము తీసుకుని వేరే చోట కట్టుకుంటున్నవాళ్ళకీ ఈ తప్పే వెళ్తుంది. చూస్తే తెలిసిపోతుంది. ఎవరైనా చూడొచ్చని రాసుకున్నది మనమే కదా."

ఆయన మాట నిజమైనప్పుడే నాకు ఒళ్ళు మండుతుంది. అక్కడే స్టూలు లాక్కుని దిద్దడానికి కూర్చున్నాను. పరీక్షలో తీసినవేవో, మనుషులు తీసినవేవో పెట్టెకి వేరువేరుగానే తెలుసు. ఇన్నాళ్ళూ నేనే అడగలేదు. పరీక్షవి తీసేశాక బావ పాట పక్కన ఒకటి మిగిలింది. ఆ ఒక్కరూ ఎవరోగాని, కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

అక్క వచ్చే వేళ అయింది. మిగతా ముగ్గురూ గదిలోకి వెళ్ళిపోయారు. అక్క గొడుగు ముడిచి స్టాండులో పెట్టి, ఎప్పట్లా నేరుగా పెట్టె దగ్గరికి వచ్చింది. నేను నోరు తెరిచేలోపే అంకె చూసేసింది.

"ఇదేంటే, చెడిపోయిందా?"

"చెడిపోలేదక్కా. ఇన్నాళ్ళూ చెడి ఉంది."

ఉన్నదున్నట్టు చెప్పాను. అక్క చేతిసంచి తాడు వేలికి చుట్టుకుంటూ వింది.

"అయితే ఎవరూ పట్టుకెళ్ళలేదన్నమాట."

"ఒకరు పట్టుకెళ్ళారక్కా. ఇదిగో."

"అది నేను" అంది. "ఆయన పోయాక, ఆ వారంలోనే, నా ఫోనులోకి."

నా మీద కోప్పడితే బాగుండును. అక్క స్క్రీను వంకే చూస్తూ అడిగింది. "అన్నిసార్లు తీసుకున్నావు కదా. ఎప్పుడైనా విన్నావా?"

"బావ పాట వేసిన రోజున మొదట కొంచెం విన్నాను. శబ్దం వస్తోందో లేదోనని."

"చివర్లో నీకో మాట చెప్పాడే. వినే ఉంటావనుకున్నాను. మీ ఇద్దరి మధ్యా ఎప్పుడూ ఉండే వేళాకోళమే కదా అని అడగలేదు."

పాట పెట్టాను. ఖాళీ గదిలో బావ గొంతు. రంగు ఆరేలోపు ఎవరో వస్తారని, రాలేదని ఏదో పాట. పైకి వెళ్ళినచోట చీలింది, మళ్ళీ సర్దుకుంది. గది తలుపు దగ్గరికి వచ్చి ముగ్గురూ నిలబడ్డారు. పాట అయిపోయింది. కాసేపు దగ్గు. బ్రష్షు డబ్బాలో పడిన చప్పుడు. తర్వాత మామూలు గొంతుతో అన్నాడు.

"మరదలా, పెచ్చులేం ఊడలేదు చూసుకో. పూర్తిగా విని, ఎలా ఉందో ఇంటికొచ్చి చెప్పు. వంక పెట్టకుండా చెప్పాలి."

ఆ తర్వాత ఏమీ లేదు. వరండా చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"బాగుందక్కా" అన్నాను. "చాలా బాగుంది."

అక్క స్టాండులోంచి గొడుగు తీసుకుంది.

"నాకెందుకే చెప్తావు" అంది. గొడుగు విప్పుకుని మెట్లు దిగింది.