మట్టి లేని ప్లేటు

"వంగేటప్పుడు వీపు మైదానం వైపు, మొహం జనం వైపు. మన వెనకభాగం చూడ్డానికి రాలేదు వాళ్లు," అన్నాడు ఆల్డెన్ క్రోకర్, బ్యాటు పట్టినవాడి ముందు నేలలో పరిచిన తెల్లపలక, హోం ప్లేటు మీది మట్టి బ్రష్షుతో దులుపుతూ. పదిహేనేళ్ల మారెన్ కిసుక్కున నవ్వింది.

ఊరి ధాన్యం గిడ్డంగిలో తూకాలు వేసే పని చేసి రిటైరైన మనిషి ఆల్డెన్. భార్య పోయాక పిల్లల బేస్‌బాల్ ఆటలకు అంపైర్లను తయారుచెయ్యడమే వ్యాపకం. మోకాళ్లు మొరాయిస్తున్నాయి, గుండె అప్పుడప్పుడు తడబడుతోంది. కిందటేడు నేర్చుకున్నవాళ్లు పెద్దల తిట్లు పడలేక మానేశారు. మారెన్ కూడా మానేస్తే ఈ వేసవి పసివాళ్లకు ఆటే ఉండదు.

"తిడితే ఏం చెయ్యాలి తాతా?"

"వినపడనట్టుండు. మా ఆవిడ నాతో జీవితమంతా అలాగే నెగ్గుకొచ్చింది."

ఆట మొదలైంది. ఆల్డెన్ కంచె వెనక మడతకుర్చీలో కూర్చున్నాడు. మారెన్ తొలి తీర్పు వినీ వినపడనట్టు చెప్పింది.

"కళ్లజోడు కొనుక్కో అమ్మాయ్!" అని అరిచాడొక తండ్రి. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ఆల్డెన్ కదల్లేదు.

కాసేపటికి బ్యాటు అంచుకు తగిలిన బంతి వెనక్కి దూసుకొచ్చి, ప్లేటు వెనక గొంతుకూర్చుని బంతి పట్టే క్యాచర్ కుర్రాడి భుజానికి కొట్టుకుంది. వాడు మొహానికున్న జాలీ మాస్కు లోపల వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

"ఏం కాలేదులే, లే! కానివ్వండి ఆట!" అన్నాడు కోచ్.

మారెన్ చేతులెత్తి ఆట ఆపింది. ముందుకొచ్చి, మైదానానికి వీపు పెట్టి వంగి, ప్లేటు తుడవడం మొదలెట్టింది. దాని మీద రవ్వంత మట్టి లేదు. అయినా మూలమూలా, నెమ్మదిగా.

"ఇంకా ఎంతసేపమ్మా?" అన్నాడు కోచ్.

"మట్టుందండీ," అంది తలెత్తకుండా.

కుర్రాడు ఊపిరి పీల్చుకుని, ముక్కు తుడుచుకుని, మళ్లీ గొంతుకూర్చున్నాడు. అప్పుడు లేచిందామె.

ఆల్డెన్ కళ్లు చెమర్చాయి. తన చిన్నతనంలో బంతి తగిలి ఏడుస్తుంటే, ఓ ముసలి అంపైర్ తను తేరుకునేదాకా ఇలాగే తుడిచాడు. అంపైర్లు ఎక్కడా రాసుకోని ఈ మర్యాదను మారెన్‌కు వచ్చేవారం చెబుదామనుకున్నాడు. చెప్పక్కర్లేకపోయింది. ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక, మైదానం అవతలి ఆవ పూల పొలాల మీది ఆకాశానికి పెట్టాడు.

ఆట ముగిశాక మారెన్ పరిగెత్తుకొచ్చింది. "రెండు తప్పులు చేశాను తాతా! అయినా వచ్చేవారం నేనే వస్తానని కోచ్‌కి చెప్పేశాను!"

ఆయన గడ్డం గుండె మీద ఆనించి కునుకు తీస్తున్నట్టే ఉన్నాడు. పట్టుకున్న చెయ్యి జారి ఒళ్లో పడ్డాక గానీ ఆమెకు అర్థం కాలేదు.

కుర్చీ పక్కన గడ్డిలో, ఆమె కోసం ఎప్పుడు తెప్పించాడో, నిండు గ్లాసు నిమ్మరసం ఉంది. అందులో మంచుముక్కలు ఇంకా కరగలేదు.